కొబ్బరినీళ్లు కొట్టిన విగ్రహం

కంప్యూటరు పాడయ్యే దారులు దాన్ని తయారు చేసినవాళ్లకు చాలానే తెలిసి ఉంటాయి. వాళ్ల కలలోకి కూడా రాని దారి ఒకటి నేను కనిపెట్టాను. భక్తితో పాడు చేశాను. నంద్యాలలో, మా అత్తగారింటి నట్టింట్లో, వీధిలోని ఆడవాళ్లంతా చూస్తుండగా. ఆ ముచ్చట చెబుతాను, నవ్వండి. మీరు నవ్వకపోతేనే నాకు కోపమొస్తుంది.

ముందు ఆట సంగతి. మా పుట్టిల్లు ఆళ్లగడ్డ. మా నాయన విగ్రహాలు చెక్కేవాడు. నా చదువు ఐదో తరగతిలోనే నన్ను వదిలేసి పోయింది, నేనూ దాని వెంట పడలేదు. అయితే నా బుర్ర మా ఊరి రాయిలాంటిది. ఒకసారి చెక్కితే ఇక చెరగదు. నా చిన్నతనంలో మా మామ టీవీకి తగిలించే ఆటపెట్టె ఒకటి తెచ్చాడు. దానికి ఒకే క్యాసెట్టు, అందులో ఒకే ఆట. లాంతరు పట్టుకున్న మనిషి ఒకడు గుహలోకి దిగి, అట్టడుగున ఉన్న గాజుదీపాన్ని పైకి తేవాలి. బెలుం గుహల్లోకి గైడు లేకుండా దిగినట్టే అనుకోండి. ఏ మలుపులో గబ్బిలం మీద పడుతుందో, ఏ బండ కింద గుంత ఉందో, అన్నీ నాకు నోటికొచ్చు. మా ఊరి బస్టాండులో నంద్యాల బస్సు ఎక్కడ ఆగుతుందో అడిగితే మాత్రం తడుముకునేదాన్ని.

ఆ దీపం ఉన్న గదికి ముందర ఒక విగ్రహం అడ్డం. సుత్తితో దాన్ని పగలగొడితేనే కిందికి మెట్లు కనబడతాయి. మొదటిసారి అక్కడికి చేరినప్పుడు నా చెయ్యి ఆగిపోయింది.

"నాయనా, విగ్రహాన్ని కొట్టమంటాండాది. కొట్టొచ్చునా?"

నాయన ఉలి పక్కన పెట్టి వచ్చి టీవీలోకి తొంగి చూశాడు. ఆ రోజుల్లో బొమ్మంటే ఏముంది, ఇటుకలు పేర్చినట్టు నాలుగు చదరాలు.

"దీనికి కండ్లు యాడుండాయి మే?"

"లేవు నాయనా."

"కండ్లు తెరిపించనంత వరకు అది రాయే. కొట్టు."

మా వాళ్ల పద్ధతి అదే. విగ్రహానికి కళ్లు అన్నిటికంటే చివర తెరిపిస్తారు. అంతదాకా పనివాళ్లు దానికి ఆనుకుని కూర్చుంటారు, దాని భుజం మీద టీ గ్లాసు పెడతారు. కళ్లు తెరిపించిన తరువాత ఆ పనివాడే దూరంగా జరిగి దండం పెడతాడు. నాయన మాట దొరికింది కాబట్టి, ఏళ్ల తరబడి ఆ చదరాల దేవుణ్ణి పాపభయం లేకుండా పగలగొట్టాను.

తరువాత పెళ్లయి నంద్యాల వచ్చాను. మా మరిది ప్రతాప్ డిగ్రీ చదువుతూ ఇంటికి కంప్యూటరు తెప్పించుకున్నాడు. ఎవరైనా దాని దగ్గరికి పోతే చాలు, బాలింత దగ్గరికి పిల్లి వచ్చినట్టు తరిమేవాడు. ఒకరోజు వాడు ఆడుతుంటే పనిలో పనిగా చూశాను కదా, లాంతరు మనిషి! నడకను బట్టి గుర్తుపట్టాను. చిన్ననాటి స్నేహితుడు బాగా డబ్బు చేసి పట్టుపంచెలో ఎదురైనట్టుంది. పాత ఆటకే కొత్త రంగులు వేసి మళ్లీ విడుదల చేశారట.

"అబ్బీ, ఎడమపక్కకు పోవాకు. ఆడ గుంత ఉండాది."

"నీకేం తెల్సు వదినా? ఇది రాగిసంకటి కెలికినట్టు కాదు."

మాట పూర్తికాకముందే వాడి మనిషి గుంతలో పడ్డాడు. నేను నవ్వకుండా ఉండాల్సింది. ఉండలేదు.

వాడికి రోషం వచ్చింది. పందెం కాశాడు. నేను ఒక్కసారి కూడా చావకుండా చివరిదాకా పోయి దీపం అందుకుంటే, రోజూ మధ్యాహ్నం కంప్యూటరు నాది, పైగా వాడు నన్ను వీధిలో అందరి ముందరా "గురువమ్మా" అని పిలవాలి. ఓడితే నేను ఆ కంప్యూటరు ఛాయలకు చీపురుతో తప్ప పోకూడదు. మా అత్త తీర్పరి.

మీరు దీన్ని చిన్న పందెం అనుకోవద్దు. చదువు లేని కోడలు అన్న పేరు ఆ ఇంట్లో నాకంటే ముందే కాపురానికి వచ్చి కూర్చుని ఉంది. దాన్ని గెంటడానికి నాకు దొరికింది ఆ ఒక్క దారే.

ఆదివారం పొద్దున కూర్చున్నాను. పందెం సంగతి తెలిసి వీధిలోని ఆడవాళ్లంతా మా నట్టింట్లో చేరారు. గబ్బిలాలు వచ్చాయి, వంగాను. తాడు వంతెన ఊగింది, దాటాను. మరిది ముఖం పొయ్యి మీద మరిచిపోయిన వంకాయలా కమిలిపోతోంది. చివరికి విగ్రహం ముందుకు వచ్చాను.

విగ్రహం నన్ను చూసింది!

కొత్త ఆటలో దానికి కళ్లు పెట్టారండీ! రెప్పలు, కనుపాపలు, ఆ పాపల్లో లాంతరు వెలుగు. ఎవరు పెట్టారో గానీ మంచి చెయ్యి. నా వేలు మీట మీద బిగుసుకుపోయింది.

"ఏంది వదినా, నిలబడిపోతివే? సుత్తితో కొట్టు. ఆ పొడుగాటి మీటే."

"కండ్లు తెరిచుండాది అబ్బీ."

"అది బొమ్మ!"

"మీ ఇంట్లో బొమ్మ. మా ఇంట్లో దేవుడు."

"కొట్టకుంటే ఓడినట్టే. అమ్మా, చెప్పుమా!"

అత్త నోరు తెరిచేలోపల నాకు ఉపాయం తట్టింది. మా నాయన వాళ్లు గుడిలో పాతబడ్డ విగ్రహాన్ని కదిలించాలంటే ముందు కొబ్బరికాయ కొట్టి, తప్పు మన్నించమని అడిగి, ఆ తరువాతే చెయ్యి వేస్తారు. అంతే, వంటింట్లోకి పరుగెత్తాను. మహానంది పోయొచ్చినప్పుడు అత్త తెచ్చిన కాయ ఉంది. కంప్యూటరుకు బొట్టు పెట్టాను. ఊదుబత్తి వెలిగించాను.

"వదినా, ఏం చేస్తాండావు? దాని కాడికి నీళ్లు తేవాకు!"

"నీళ్లు యాడుండాయి? ఇది కాయ."

ఎంత తెలివైన జవాబో చూశారా! స్వామీ తప్పు కాయమని, కాయను స్వామి ముందరే పట్టుకుని గుండ్రాయితో ఒక్కటిచ్చాను. మహానంది మహిమ ఏమో గానీ ఆ కాయలో బిందెడు నీళ్లు. అన్నీ కీబోర్డులోకి దిగాయి. కాయ కొట్టనేల, కీబోర్డు కడగనేల!

పొడుగాటి మీట కిందికి దిగి అలాగే ఉండిపోయింది. లాంతరు మనిషికి పూనకం వచ్చింది. సుత్తి ఎత్తడం, కొట్టడం, ఎత్తడం, కొట్టడం. నేను మన్నింపు అడిగింది ఒక్క దెబ్బకు, స్వామి మీద కురిసింది దెబ్బల వాన. విగ్రహం పొడిపొడి అయిపోయింది.

"నేను కాదు స్వామీ, నేను కాదు!" అని చేతులెత్తి చూపించాను.

"ఆపు వదినా!"

"నేను యాడ కొడతాండా? నీళ్లు కొడతాండాయి!"

ఆ కళ్ల ముక్కల ముందు నిలబడలేక, పారిపోదామని బాణం మీటలు నొక్కాను. లాంతరు మనిషి సుత్తి ఊపుకుంటూనే మెట్లు దిగాడు. ఎదురుగా గాజుదీపం. ఇన్నేళ్ల నా దీపం! ఆగాలి కదా? ఆశ ఆగనిస్తుందా? ముందుకు తోశాను. దీపాన్ని తాకాడు, చేత్తో కాదు, సుత్తితో. భళ్లున పగిలింది. బల్ల మీద నుంచి కారిన నీళ్లు కింద ఉన్న కంప్యూటరు పెట్టెలోకి చేరాయి, అది టప్ మంది. తెర నల్లబడింది. నట్టింట్లో ఊదుబత్తి వాసన ఒక్కటే మిగిలింది.

ప్రతాప్ లేచి గంతులు వేశాడు. "ఓడిపోయినావు వదినా! దీపం పగిలిపాయె! కంప్యూటరూ పాయె!"

అందరూ అత్త వైపు చూశారు. దేవుడు వరమిచ్చినా అత్త ఇవ్వాలి కదా. ఆమె కొబ్బరి చిప్ప తీసి, ముక్క కొరికి, నెమ్మదిగా అడిగింది.

"ఒరే, యాడన్నా చచ్చిందా ఇది?"

"లేదు."

"దీపం కాడికి పోయిందా లేదా?"

"పోయిందిమా, గానీ పగలగొట్టె..."

"గాజు సామాను పగలగొట్టినోళ్లు పనికిరారంటే, నిన్ను మూడో యేటనే రోడ్డు మీద పారేయాల్సింది. నా పెండ్లి గ్లాసుల్లో ఒక్కటన్నా మిగిల్చినావా? చాల్లే. పిలువు గురువమ్మా అని."

పిలిచాడు. గడప దాటి, వీధిలో నిలబడి, గట్టిగా పిలిచాడు. ఎదురింటివాళ్లు వినలేదని నేను ఇంకోసారి పిలిపించాను.

కంప్యూటరు బాగై వచ్చాక మధ్యాహ్నాలు నావే. మరి కళ్లు తెరిచిన విగ్రహం సంగతి ఏమిటంటారా? అక్కడిదాకా నేను ఆడి, లేచి నిలబడి కేక వేసేదాన్ని, "ఒరే శిష్యా, రా, కొట్టు!" వాడు వచ్చి కొట్టేవాడు. పాపం వాడిది, దీపం నాది. ఇప్పుడు అదే ఆట ఫోన్లోకి వచ్చింది. విగ్రహం రెప్పలు కూడా ఆర్పుతోంది. నా మరిది ఇద్దరు పిల్లల తండ్రి, పక్క వీధిలో ఉంటాడు. ఇప్పటికీ నేను కబురు పెడితే చెప్పులేసుకుని వస్తాడు, బొటనవేలితో ఒక నొక్కు నొక్కుతాడు, కాఫీ తాగుతాడు, "పోయొస్తా గురువమ్మా" అని పోతాడు. ఇంత భాగ్యం పట్టభద్రులకైనా ఉందా?

కాబట్టి మీ అందరి ఎదుట ఒట్టు వేస్తున్నాను. కరెంటుతో నడిచే ఏ వస్తువు ముందరా, అందులో ఎంత గొప్ప దేవుడు కళ్లు తెరిచి చూసినా సరే, ఈ జన్మలో కొబ్బరికాయ కొట్టను. ఈ కొత్త ఫోను బావిలో పడినా చెడిపోదని అమ్మినవాడు చెప్పాడు. నా గురించి వాడికి తెలియదు.