సార్ నోట్సులో ఒక్కటే సాంచా

ఒక కార్మికుడు ఒక మరమగ్గాన్ని మాత్రమే నడుపుతాడని సార్ నోట్సు చెబుతుంటే వనమాల చేతిలో పెన్ను ఆగిపోయింది. ఎం.ఏ. ఎకనామిక్స్ కోసం ఆమె రోజూ సిరిసిల్ల నుంచి కరీంనగర్‌కు బస్సులో వస్తుంది. బాపు లక్ష్మీరాజానికి ముప్పయ్యేళ్లుగా మరమగ్గాల మీదే బతుకు. వాళ్ల ఊళ్లో వాటిని సాంచాలంటారు.

వనమాల లేచి నిలబడింది.

"సార్, మా బాపు ఒక్కడే ఎనిమిది సాంచాలు నడుపుతడు. తెగిన పోగులు అతుక్కుంట పొద్దంత వాటి నడుమ తిరుగుతనే ఉంటడు."

సార్ కోప్పడలేదు. తాను చదువుకున్ననాటి నోట్సులోంచి తలెత్తి, "ఉండొచ్చమ్మా. పరీక్షల మాత్రం ఒక్కటనే రాయి" అని తర్వాతి వాక్యం అందుకున్నాడు. నలభై పెన్నులు కదిలాయి. ఒక్క తలా పైకి లేవలేదు. వాళ్లలో సగం మంది సాంచాల చప్పుడులో పెరిగినవాళ్లే! పక్కనున్న మమతారాణి వనమాల చున్నీ పట్టి గుంజింది.

"కూసో పిల్లా, పరీక్షల గదే వస్తది."

అయినా ఇంటర్నల్ పరీక్షలో వనమాల మొండిగా ఎనిమిదనే రాసింది. దిద్దిన పేపరు చేతికి వచ్చింది. ఎనిమిదిని ఎర్ర ఇంకుతో కొట్టేసి, పైన ఒకటి అని రాసి ఉంది.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన బాపుకు ఆ పేపరు చూపించింది. తల నిండా దూది నూగుతో లక్ష్మీరాజం ఆ ఎర్ర గీత మీద వేలు పెట్టాడు.

"మరి తక్కిన ఏడు సాంచాలు ఎవలు నడుపుతున్నరట బిడ్డా?"