పాచి కాదు సార్, పాసి

ఆమె మీద నాకు అసూయ ఉండేది. ఈ మాటను నాజూకు చేసి చెప్పను. బాబాల గుట్టు విప్పడమే పనిగా బతికినవాడిని, నా గుట్టు మాత్రం దాచుకుంటే దాన్ని హేతువాదం అనరు.

కోలారు కాలేజీలో మేమిద్దరం ఒకే ల్యాబులో ఏళ్ళ తరబడి కెమిస్ట్రీ చెప్పాం. ఆమెది బంగారు గనుల దగ్గరి కోరమండల్, గని కార్మికుల లైన్లలో ఇల్లు. నేను సభల్లో మాట్లాడేవాడిని, పత్రికల్లో రాసేవాడిని. ఆమె ప్రయోగాలు సరిచూసి, సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోయేది. ఒకసారి వ్యాసం రాశాను. సముద్రంలో తాళ్ళకు కట్టి పెంచే నాచు నుంచి అగర్ అనే గడ్డకట్టే పొడి తీయవచ్చు, అది ల్యాబులకూ మిఠాయిలకూ కావాలి, చదువుకున్నవాళ్ళు హోమాల్లో నెయ్యి పోయడం మాని ఇలాంటి పని ఎందుకు చేయరు అని గద్దించాను. మెచ్చుకుంటూ ఉత్తరాలొచ్చాయి. రిటైరయ్యాక ఆమె ఆ పని చేసింది. నా మంట అక్కడ మొదలైంది.

రామనాథపురం తీరం నుంచి ఎండిన నాచు మూటలు లారీలో వచ్చేవి. ఆమె పెరట్లో ఉప్పూ ఇసుకా పోయేదాకా కడిగి, క్షారంలో వేడిచేసి, మళ్ళీ కడిగి, నీళ్ళలో మరిగించి గుడ్డలో వడగట్టేది. చల్లారితే గడ్డకట్టేది. ఆ గడ్డను ఫ్రీజరులో పెట్టి, తీసి కరగనిస్తే నీళ్ళతోపాటు రంగు కారిపోయేది. మిగిలిన తెల్లటి పొరను ఆరబెట్టి పొడి చేసేది. నేనూ ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రెండుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లూ గంజే మిగిలింది.

పాత సహోద్యోగులంతా కలిసినప్పుడు ఉండబట్టలేక అన్నాను: "ఏం మేడం, రిటైరయినాక పాచిపనికి దిగినారంట?"

"మీకు పాచి అంటే కడగని నోరు సార్. మా లైన్ల అరవంలో పాసి అంటే ఈ నాచు, దాంతో చేసి క్రిస్మస్ పొద్దు పళ్ళెంలో వణికే తీపి. పాచి కాదు సార్, పాసి. ఏదీ, ఒకసారి పలకండి."

అందరూ నవ్వారు. పెద్ద పెద్ద పండితులతో వాదించినవాడిని, ఒక్క అక్షరం దగ్గర ఓడిపోయాను.

తర్వాత ముళబాగిలు దారిలో, ల్యాబులో అగర్ గడ్డ మీద అరటి మొలకలు పెంచే నర్సరీ యజమాని ఆమె అగర్ కొనడానికి ముందుకొచ్చాడు. ఒక్క షరతు పెట్టాడు: నేను పరీక్షించి ఉత్తరం ఇవ్వాలి. "ఆయన దేవుడికే మార్కులు వేయలేదు, ఆయన పాస్ అంటే ఇంగ చాలు" అన్నాడట. పరీక్షకు పొడి పొట్లం ఇచ్చేటప్పుడు ఆమె చెప్పింది: "ఈ ఆర్డరు రాకపోతే మూటలు తెప్పించేది నిలిపేస్తాను సార్. ఇంట్లో వాళ్ళకు అట్లని మాటిచ్చినాను."

మరిగే అగర్‌లో పులుపు పడితే అది విరిగిపోతుంది, గడ్డకట్టదు. ఇది నేను పాఠం చెప్పిన సంగతే. అయినా పొయ్యి మీద ఉండగానే నిమ్మకాయ కోసి పిండాను. కఠినమైన పరీక్ష కావాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. గిన్నెలో నీళ్ళే మిగిలాయి. ఆ రోజు నాకు అన్నం రుచిగా అనిపించింది.

మరునాడు ఆమె వచ్చి గిన్నె వంచి చూసింది. వాసన చూసింది. నిమ్మకాయ మాట ఎత్తలేదు.

"సార్, మహిమ చూపించే ప్రతి బాబానూ మీరు ఒకటి అడుగుతారు. పోలికకు పక్కన ఏం పెట్టినావు అని. దీని పక్కన ఏం పెట్టినారు?"

ఏమీ పెట్టలేదు. ఆ ప్రశ్న చాలు నాకు. ఆమె ఎదుటే నాలుగు గిన్నెలు పెట్టాను. రెండింటిలో ఆమె పొడి, రెండింటిలో అంగడిలో కొన్న పొడి. ఒక్కో జతలో ఒక గిన్నెకు మరిగేటప్పుడే నిమ్మరసం. పులుపు పడినవి రెండూ నీళ్ళయ్యాయి. మిగిలిన రెండింటిలో ఆమెదే గట్టిగా నిలబడింది. బోర్లిస్తే కూడా జారలేదు. దాన్ని చూస్తే నాకు సంతోషం కలగలేదు, కడుపు మండింది. అయినా ఉత్తరం రాశాను. ఆమె అగర్ మేలైనదని, మొదటి పరీక్షలో నిమ్మరసం పోసి చెడగొట్టింది నేనేనని.

"ఉత్తరంలో ఆ నిమ్మకాయ మాట తీసేయండి సార్, ఎందుకది?" అందామె.

తీయలేదు.

రెండు రోజులకు నర్సరీ యజమాని ఫోను చేశాడు. "ఏమి సార్, పులుపు పోసి కూడా చూసినారా! మీ పరీక్ష అంటే పరీక్షే! ఆర్డరు ఇచ్చేసినాను. మావాళ్ళందరికీ మీ ఉత్తరమే చూపిస్తా ఉండాను."

"అది పరీక్ష కాదప్పా. ఆమెకు ఆర్డరు రాకూడదని పోసినాను."

ఆయన పగలబడి నవ్వాడు. "మీరు భలే తమాషా సార్!"

ఆ నవ్వు ఆగేదాకా ఫోను పట్టుకునే ఉన్నాను. ఆగాక అదే మాట మళ్ళీ మొదటినుంచి చెప్పాను.