ఇస్మే గరిటె వదిలిన రోజు

ఇస్మే ఇంట్లో అద్దెకిచ్చే గదులు రెండే. కరీబియన్ సముద్రంలోని ఈ కరియకూ దీవికి నిశ్శబ్దం కోసం వచ్చేవాళ్లు ఆ గదుల్లో దిగుతారు. కోళ్లు, మేకలు, ఎదురింటి రేడియో కలిసి మొదటి తెల్లవారుజామునే వాళ్ల భ్రమ తీరుస్తాయి. ఫిబ్రవరిలో దిగిన డెన్మార్క్ దంపతులకు అంతకంటే పెద్ద సందడే ఎదురైంది. వాళ్లు వచ్చిన మర్నాడే ఇస్మే పడవను నీళ్లలోకి దించారు.

ఆ పడవను ఆమె భర్త కత్‌బర్ట్ ఇంటి ముందు ఇసుకలోనే మొదలుపెట్టాడు. సగంలో ఉండగా పోయాడు. మిగతా సగానికి ఇస్మేకు నాలుగేళ్లు పట్టింది. అతిథులు దిగిన నెల చెక్కలు కొనేది, దిగని నెల ఉన్న చెక్కల సందుల్లో నీళ్లు కారకుండా పీచు కూరేది. ఇది పూర్తయ్యే పడవ కాదని ఒడ్డున కూర్చున్న ప్రతివాడూ అన్నాడు.

మా ఊళ్లో పడవను యంత్రంతో దించరు. నిటారుగా నిలబెట్టిన పడవకు పక్కన నాలుగు గుంజలు ఊతంగా ఉంటాయి. నలుగురు మనుషులు గొడ్డళ్లతో వాటి మొదళ్లను కొంచెం కొంచెంగా చెక్కుతారు. పడవ మెల్లగా ఒరిగి దుంగల మీద పడుకుంటుంది. తర్వాత ఊరంతా తాడు పట్టి సముద్రంలోకి లాగుతుంది. ఏ గుంజకు ఎప్పుడు వేటు పడాలో ఒక్కరే కేక వేసి చెప్పాలి. ఆ కేక తప్పి ఒక్క గుంజ విరిగిందంటే నాలుగేళ్ల కష్టం పొయ్యిలోకే.

కేక వేసే హక్కు కట్టినవాడిది. కట్టినవాడు లేడు కాబట్టి తానే వేస్తానంది ఇస్మే. వడ్రంగుల్లో పెద్దవాడు హెజ్రన్ ఒప్పుకోలేదు.

"ఆడవాళ్లు కుండల దగ్గరుంటారమ్మాయ్. మా తాతల నాటి పద్ధతి అది."

"మీ తాత దించిన పడవ ఇప్పుడెక్కడుంది మావా?"

"సముద్రం అడుగున. అయితే అక్కడిదాకా తిన్నగానే వెళ్లింది."

అందరూ నవ్వారు గాని మాట మారలేదు. ఇస్మే చివరికి ఒక్క సంగతి చెప్పింది. ఈ పడవకు వెనక బరువెక్కువ, వెనక చట్రానికి వేసిన మానును కత్‌బర్ట్‌తో పాటు తానూ మోసింది. హెజ్రన్ తల ఊపాడు, వినని మనిషి ఊపినట్టు.

పడవ దించే పొద్దున పూర్వీకుల పేరు చెప్పి రమ్ము ఒలికించి, బియ్యం చల్లారు. పడవ పేరు మీద గుడ్డ కప్పి ఉంది. ట్రాక్టరుతో లాగిస్తే సులువు కదా అన్నాడు డెన్మార్క్ ఆయన. "ట్రాక్టరు భోంచేయదు బాబూ. నేను రెండు వందల మందికి వండుతున్నాను," అంది ఇస్మే.

నేను ఇక్కడి బడిలో ఫిజిక్స్ చెబుతాను. ఎనిమిది నెలల పాపను గుండెకు కట్టుకుని, పడవ ఎత్తుకు రెండింతల దూరం కొలిచి నిలబడ్డాను. తర్వాత ఇంకో పది అడుగులు వెనక్కి జరిగాను.

"ముందు రెండు వేట్లు, వెనక ఒకటి," అని కేక వేశాడు హెజ్రన్. ఆయన దించిన పడవలన్నిటికీ అదే కేక. గొడ్డళ్లు పడ్డాయి. పడవ కొంచెం ఒరిగింది. మళ్లీ అదే కేక. మళ్లీ ఒరిగింది.

ఇస్మే పెద్ద కుండలో మొక్కజొన్న పిండి ఉడికిస్తూ కూకూ ముద్ద కలుపుతోంది. గరిటె ఆగింది. నాకైతే ఏమీ వినబడలేదు. ఆమె గరిటె వదిలేసి పడవ దగ్గరికి నడిచింది.

"ఆగండి," అంది, పెద్దగా అరవకుండానే. నాలుగు గొడ్డళ్లూ గాల్లోనే ఆగిపోయాయి. ఆ నలుగురినీ చిన్నప్పటి నుంచి భోజనానికి పిలిచిన గొంతు అది.

"వెనక చివరి గుంజ ఏడుస్తోంది మావా."

హెజ్రన్ వెళ్లి గుంజ మీద చేయి పెట్టాడు. వేలు దూరేంత పగులు. పడవ బరువంతా దాని మీదే పడింది. ఆయన పక్కకు తప్పుకుని, "చెప్పు మరి," అన్నాడు.

పగిలిన గుంజ పక్కన ఇంకోటి బిగించమంది. ముందున్న ఇద్దరినీ గొడ్డళ్లు దించమంది. "వెనక ఒకటి. చిన్నది." ఆగి, విని, "ఇంకోటి," అంది. ఆ తర్వాత ముందుకు వెళ్లింది, మళ్లీ వెనక్కి వచ్చింది. పడవను చూడలేదామె, తల వంచి వింటూనే ఉంది. ఉయ్యాల్లో పాపను నేనెప్పుడూ అంత నెమ్మదిగా దించలేదు. పడవ దుంగల మీద పడుకున్నప్పుడు ఇసుక కూడా చప్పుడు చేయలేదు.

ఇక తాడు పట్టారు. పాట ఎత్తుకున్నారు. డెన్మార్క్ ఆవిడ టోపీ నీళ్లపాలైనా తాడు వదల్లేదు. నేనూ పాపతోనే వెళ్లి ఒంటిచేత్తో తాడు పట్టాను. పడవ నీళ్లలోకి జారి, రెండుసార్లు ఊగి, నిటారుగా నిలబడింది.

ఇస్మే గుడ్డ లాగేసింది. అందరూ కత్‌బర్ట్ పేరు ఉంటుందనుకున్నారు. పూర్తి కాదన్నవాళ్ల కోసం ఆమె ఏడాది క్రితమే రాసుకున్న పేరు ఎర్రటి అక్షరాల్లో కనిపించింది: 'చెప్పానుగా'.

హెజ్రన్ దాన్ని రెండుసార్లు చదివాడు. మీసంలో నవ్వు దాచుకోబోయాడు గాని కుదరలేదు. కూకూ అడుగంటింది, అయినా ఎవరూ వదల్లేదు.

ఏప్రిల్లో హెజ్రన్ కొడుకు పడవ దిగుతుంది. కేక ఎవరిదని ఈసారి ఎవరూ అడగలేదు. గరిటె ఎవరు పట్టాలన్నదే చర్చ. నిన్న హెజ్రన్ కుండ పక్కన నిలబడి, మొక్కజొన్న పిండికి నీళ్లెన్ని పోయాలని ఇస్మేను అడుగుతున్నాడు.