క్రీస్తురాజన్న వీపు

క్రీస్తురాజన్న వీపు ఖాళీగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

వాకాడు చుట్టుపక్కల గోడల మీద కంపెనీ ప్రకటనలు రాసే పెయింటరు ఆయన. గోడలు చాలక చొక్కాలకు దిగాడు. బిస్కెట్టు డబ్బా మీది బొమ్మ, టీ పొట్లం మీది పొగలు కక్కే కప్పు, ఏది నచ్చితే అది చొక్కా వీపున దించేవాడు. పంతొమ్మిదివందల అరవై నాటికి మా ఊళ్ళో సగం మందికి బిస్కెట్టు రుచి తెలియదు. ఆయన వీపు పుణ్యాన రూపం మాత్రం తెలుసు.

"కంపెనీవాళ్ళు ఏమన్నా ఇస్తారా అన్నా?"

"నేనొకణ్ణి ఉండానని వాళ్ళకు తెలిస్తే గదా కరుణమ్మా!"

ఒకసారి సంతలో మేక వచ్చి వీపు మీది బిస్కెట్టు నాకింది. జనం అదిలించబోతే, "నాకనీండబ్బా! నా పనితనం ఇన్నాళ్ళకు ఒకరికి తెలిసింది" అని కదలకుండా నిలబడ్డాడు.

ఆదివారం ఆరాధనకు గుడిలో ఆయన ముందు వరసలో కూర్చుంటే వెనకవాళ్ళు వాక్యం వినడం మాని గుటకలు మింగేవాళ్ళు. మా పాస్టరు సంజీవరావు అయ్యగారు ఓపిక పట్టీ పట్టీ, "ఇకమీదట ఆఖరి వరసలో, గోడకు ఆనుకొని కూర్చో" అన్నారు.

"గోడకేం చూపిచ్చేది అయ్యగారూ? గోడల మీద రోజూ నేను రాసేదే గదా!"

అప్పుడే రెబెక్కమ్మ, భర్త పోయిన ఏడాదికి, బస్టాండు వెనక సందులో దోసెల అంగడి పెట్టింది. అటు తొంగిచూసేవాళ్ళే లేరు. శనివారం గుడి ఊడుస్తూ మా ఇద్దరితో వాపోయింది. "మూడు వారాలుగా పిండి పులిసిపోతా ఉండాదన్నా. ఈ సోమవారం కూడా ఎవరూ రాకపోతే పెనం దించేసి కోట ఊళ్ళో మా తమ్ముడి పంచన చేరతా."

"సోమవారానికి రెండింతలు రుబ్బు."

"మతి పోయిందా అన్నా నీకు?"

మర్నాడు ఆఖరి వరసలో చెయ్యి లేచింది. "అయ్యగారూ, ముందుకొచ్చి ప్రార్థన చేస్తా."

వద్దనే అయ్యగారు ఎక్కడైనా ఉంటారా? క్రీస్తురాజన్న గోడ పక్కగా నడిచొచ్చి, అయ్యగారికి ముఖమూ జనానికి వీపూ పెట్టి మోకరించాడు. వీపంతా ఒకటే దోసె! అంచులు ఎర్రగా కాలి, నెయ్యి నడుం దాకా కారుతోంది. పక్కన చేపల పులుసు. కింద, "రెబెక్కమ్మ అంగడి, బస్టాండు వెనక".

వానల కోసం, వలల కోసం, పులికాటు చేపల కోసం ఆయన ప్రార్థిస్తూనే ఉన్నాడు. హార్మోనియం దగ్గర్నుంచి చూశాను. గుడి మొత్తానికి కళ్ళు మూసుకున్నది అయ్యగారొక్కరే. 'ఆమేన్' అని క్రీస్తురాజన్న వెనుదిరిగేసరికి అయ్యగారూ కళ్ళు తెరిచారు, ఎదురుగా దోసె. చివరి కీర్తన నంబరు మరిచిపోయారు.

ఆదివారం అంగడి తెరవదు. ఊరంతా ఆ పగలూ రాత్రీ ఎలా గడిపిందో గానీ, సోమవారం తెల్లారేసరికి సందులో కాలు పెట్టే చోటు లేదు. అందరికంటే ముందు అయ్యగారు, చేతిలో సొంత గిన్నెతో.

రెండింతల పిండీ అయిపోయింది. క్రీస్తురాజన్నకు దక్కింది పులుసు మాత్రమే. దాన్నే జుర్రుకుంటుంటే అడిగాను. "పైకి వానలనీ వలలనీ అన్నావు. మనసులో ఏం కోరుకున్నావన్నా?"

"ఒక్కటే కరుణమ్మా. 'ప్రభువా, ఈ ఒక్కపూట ఎవర్నీ కళ్ళు మూసుకోనీబాక' అని."