మైలలో ఒక లెక్క

నాయిన చనిపోయిన కొద్దిరోజులకు మా ఫిజిక్సు సారు పరామర్శకు వచ్చారు. అప్పుడు నేను మహబూబ్‌నగర్‌లో పి.యు.సి. చదువుతున్నాను. తలకొరివి పెట్టినవాణ్ణి కాబట్టి దినాలయ్యేదాకా గడప దాటకూడదు. ఫిజిక్సు పరీక్ష ఆ లోపలే ఉంది.

సారుకు ఓదార్చడం చేతకాదు. అరుగు మీద కూర్చుని చాలాసేపు తన చెప్పులనే చూశారు. చివరకు, గడపకు ఇవతల చాప మీదున్న నన్ను అడిగారు.

"పది టన్నుల రైలు డబ్బా సెకనుకు ఆరడుగులు పోతాంది. ఐదు టన్నులది మూడడుగుల వేగంతోని ఎదురొచ్చి గుద్దింది. రెండూ అతుక్కుంటే వేగమెంత?"

చాప మీద వేలితో రాసుకున్నాను. ఢీకొనక ముందున్న మొత్తం ద్రవ్యవేగమే తర్వాతా ఉండాలి. అరవైకి పదిహేను కలిపి, రెండింటి బరువు పదిహేనుతో భాగించాను.

"ఐదడుగులు సార్."

"ఎదురొచ్చింది గూడ ముందుకే నెట్టిందారా? గట్లయితే బండికి రెండు దిక్కులా ఎడ్లను కట్టు!"

నవ్వొచ్చింది. ఎదురు దిక్కుకు మైనస్ పెట్టి, అరవైలోంచి పదిహేను తీసేశాను. మూడడుగులు. ఆ కాసేపు నాయిన గుర్తుకు రాలేదు. తలెత్తగానే మూలన ఆయన పేర పెట్టిన దీపం కనిపించింది.

చిన్నాయన లోపలి నుంచి వచ్చాడు. "పీనుగెల్లి నాలుగొద్దులు గాలె, గీ లెక్కలేంది సారూ?"

"పరీక్షకు పంపమని అడగనీకి వచ్చిన."

"తలగొరివి పెట్టినోడు గడప దాటుతడా? మా ఇంట్ల గసుంటిది లేదు."

నాయినను కన్న అవ్వ గోడకానుకుని ఉంది. "గా పరీక్ష తప్పితె ఏమైతది సారూ?"

"సాల్ పోతదమ్మా. మల్ల ఏడాది దాక ఆగాలె."

"నాకు కొడుకు పోయిండు. వీనికి సాల్ గూడ పోవాల్నా? వీన్ని పోనియ్యి. పాపముంటె నాకే తాకనియ్యి."

చిన్నాయన లోపలికి వెళ్లిపోయాడు.

పరీక్షనాడు, మైలలో ఉన్నాను కాబట్టి, చివరి బెంచీలో ఒక్కణ్ణే కూర్చుని రాశాను. తుపాకీ వెనక్కు తన్నే లెక్క వచ్చింది. పేలకముందు ఏదీ కదలదు కాబట్టి మొత్తం సున్నా. గుండు ఎటు పోతే తుపాకీ దానికి ఎదురు దిక్కు. మైనస్ పెట్టి, మళ్లీ సరిచూసుకుని ఇచ్చేశాను. ఇంటికొచ్చి వాకిట్లోనే నీళ్లు పోసుకుని చాప మీద కూర్చున్నాను.

చిన్నాయన వచ్చి నిలబడ్డాడు. "పాసైతవా?"

"ఐత."

"ఐతే పై చదువుకు పోతవు."

మాది నేతపని. మా ఇంట్లో తండ్రి పోతే ఆయన మగ్గం మీద కొడుకు కూర్చోవాలి. సగం నేసిన చీర దాని మీద అట్లాగే ఉంది. చిన్నాయన లోపలికి వెళ్లి, దుమ్ము పడకుండా దానిపై బట్ట కప్పాడు.

"గిది నేనే నేస్త. దినాలు గానియ్యి," అన్నాడు, నా వైపు చూడకుండా.