మా అత్త వేలి కణుపులు

మా అత్త నాగులమ్మకు నోరు పెద్దది, చేయి చిన్నది. నోటి సంగతి ఊరందరికీ తెలుసు. చేతి సంగతి గొర్రెలకు తెలుసు. జమ్మలమడుగు చుట్టుపక్కల ఏ మందలో గొర్రె ఈనలేక అల్లాడినా బండేసుకుని మా ఇంటికే వచ్చేవాళ్లు. కడుపులో పిల్ల అడ్డం తిరిగితే, ఆ సన్నటి చేయి లోపలికి పోనిచ్చి, సర్ది, బయటికి తీసేది. నేను పులివెందులలో డిగ్రీ చదివి ఈ ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని. మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. ఇదేం మనిషిరా దేవుడా అనుకున్నాను.

అలాంటి చేతులు పోయినేడు మొండికేశాయి. పొద్దున లేస్తే టీ గ్లాసు పట్టుకోలేదు. ఎండెక్కి తొమ్మిదయితే గానీ పిడికిలి పడదు. వాపు కూడా రెండు చేతులకూ ఒకే చోట, కొలిచి పెట్టినట్టు. ఆసుపత్రికి పోదామంటే ఎగిరిపడింది.

"కుంటి గొర్రెకు నేను చేసే వైద్యం నాకు పనికిరాదా ఏంది?"

మాటవరసకు అంటోందనుకున్నాను. మా మందల్లో గొర్రెకు కాలి కీలు వాస్తే కొడవలి ఎర్రగా కాల్చి వాత పెడతారు. ఒకరోజు నేను రేషన్ షాపు నుంచి వచ్చేసరికి ఈ మహాతల్లి తన వేలి కణుపుల మీద వరసగా ఎనిమిది వాతలు పెట్టుకుని కూర్చుంది. కంట్లో నీటిచుక్క లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నువ్వు గొర్రెవా, మనిషివా అత్తా?"

"గొర్రయితే ఊరుకుంటాదా? తంతాది," అంది.

మూడో రోజుకు చీము పట్టింది. మా ఆయన శివశంకర్‌ది కలమల్ల కరెంటు ప్లాంటులో పని. ఆ రోజు షిఫ్టు మాని అమ్మను ప్రొద్దుటూరు తీసుకెళ్లాడు, నేనూ వెంట వెళ్లాను. మహీన్ అని డాక్టరమ్మ. రక్తం పరీక్ష, ఎక్స్‌రే అన్నీ అయ్యాక రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని చెప్పి, ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూపించింది. అత్త నొప్పి మరిచి లేచి నావైపు తిరిగింది.

"ఇన్ని ఎముకలా నా చేతిలో! ఎవురు పేర్చినారే లతా ఇంత ముచ్చటగా?"

రెండు ఎముకలు కలిసే చోట పల్చటి పొర ఉంటుందని, అందులో ఊరే జిగురు వల్లే కీలు రాసుకోకుండా ఆడుతుందని డాక్టరు చెప్పింది. రోగాలతో కొట్లాడాల్సిన మన ఒంటి బలమే దారి తప్పి ఆ పొర మీద పడుతుందట. ముందు వాస్తుంది, తర్వాత ఎముక అంచులు తినేస్తుంది.

"అంటే కాపలా కుక్కే మందను కరుస్తాంది," అంది అత్త.

డాక్టరు ఆమెను తేరిపార చూసింది. "నేనింత బాగా చెప్పలేనమ్మా. మరి ఆ కుక్క లోపలుంటే నువ్వు పైన కాలిస్తే దానికేం తగుల్తాది? దాన్ని అణిచే మందు ఇయ్యాలంటే ముందు ఈ చీము మానాల."

అది మానడానికి నెలన్నర పట్టింది. ఆలోపు వేళ్లు ఇంకా వంకరపోయాయి. పోయిన ఎముక తిరిగి రాదని, మందు వేస్తే మిగిలింది నిలుస్తుందని డాక్టరు చెప్పింది. అత్త ఒకటే అడిగింది.

"ఈనే గొర్రె లోపలికి ఈ చెయ్యి పోతాదా?"

డాక్టరు తలొంచుకుని మందుచీటీ రాసింది.

మందు పని చేసింది. నొప్పి తగ్గింది, నిద్ర పట్టింది. కానీ బండ్లు రావడం ఆగిపోయింది. ఎవరైనా అడిగితే అత్త నవ్వేసేది.

ఈ చలికాలం ఒక పొద్దున మా గొర్రే ఈనలేక పడిపోయింది. పశువుల డాక్టరు వచ్చేసరికి పది దాటుతుందన్నాడు. అంతవరకూ అది బతకదు. అత్త చేతికి నూనె రాసుకుని మూడుసార్లు ప్రయత్నించింది. కణుపులు అడ్డం పడ్డాయి. గొర్రె అరిచింది. అత్త చేయి వెనక్కి తీసుకుని, దాన్నే చూసుకుంటూ భోరున ఏడ్చింది. అంతలోనే ముక్కు చీది నావైపు తిరిగింది.

"సబ్బుతో చెయ్యి కడుక్కోని రా."

"నాకు రాదత్తా!"

"నాకొస్తాది గదే. చెయ్యి మటుకే నీది."

గొర్రె తల ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. నా చేయి లోపలికి పోయింది.

"గిట్ట తగిలిందా? దాన్ని పట్టుకోనే పైకి పో. మొదటి కీలు వంచు. దాని పైది గూడా అదే పక్కకు వంగితే ముందరి కాలు. ఎదురు పక్కకు వంగితే ఎనక కాలు."

ఐదు నెలలు మోసిన కడుపులో, నా వేళ్ల మధ్య, చిక్కుడు గింజంత కీలు మెత్తగా వంగింది. పైది ఎదురు పక్కకు వంగింది. ఇంత చిన్న ప్రాణికి అంత నేర్పుగా కీళ్లు అమర్చిన వాడెవడో గానీ వాడికి దండం పెట్టాలనిపించింది.

"ఎనక కాలత్తా!"

"దాని జత కాలు గూడా తెచ్చుకో. రెండూ కలిపి, అది ముక్కినప్పుడే లాగు. బిరబిరా."

పిల్ల జారి గడ్డి మీద పడింది. నోట్లో జిగురు తుడవగానే మే అంది. నేను పిచ్చిదానిలా నవ్వుతూ కూలబడ్డాను. అత్త మాత్రం వంకర చేతిని గొర్రె కడుపు మీద ఆనించి అలాగే ఉంది.

"కూచున్నావేంది? ఇంగోటి ఉండాది."

మళ్లీ చేయి పెట్టాను. గిట్ట తగిలింది. అత్త చెబుతుందని చూశాను. ఆమె గొర్రె కడుపు నిమురుతూ కూర్చుంది.

"చెప్పత్తా!"

"నేను చెప్పను. నువ్వే చెప్పు."

ఒక కీలు వంచాను. దాని పైది వంచాను. రెండూ ఒకే పక్కకు వంగాయి. పక్కనే జత కాలు, వాటి మీద మూతి తగిలాయి.

"ముందరి కాలు," అన్నాను. భుజానికి కళ్లు తుడుచుకున్నాను.

"మరి ఏడుస్తావేంది? లాగు," అంది అత్త.