జర్హాన్ నగరం ఎందుకు పాడుబడింది?

మేడ్చల్ బస్ డిపో ఎదురుగా నెట్ సెంటర్ నడిపే షుకూర్ భాయ్‌కి కంప్యూటర్ల సంగతి అంతంతమాత్రమే తెలుసు. ఆయన ప్రాణమంతా ఒక పాడుబడ్డ నగరం మీద. పేరు జర్హాన్. ఏదో మాయలోకం ఆటలోది. వెయ్యేళ్ళ కింద అక్కడి జనమంతా నాశనమయ్యారట. ఎందుకో ఆటలో ఎక్కడా చెప్పరు. అందరూ కత్తి పట్టిన వీరుణ్ణి రాక్షసుల మీదికి పంపితే, ఈయన రెండు వేళ్ళతో మీటలు నొక్కుకుంటూ అతని చేత ఊళ్ళో బావులు వెతికించేవాడు. ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చిన మాకు అదొక కాలక్షేపం.

ఆయనది గౌడవెల్లి. వ్యవసాయం వదిలి ఈ షాపు పెట్టడానికి కారణం ప్రతాప్ పటేలేనని ఆయన గట్టి నమ్మకం. ఇద్దరివీ పక్కపక్క చేలు. పటేల్ లోతుగా బోరు వేయించాకే తన బోరు ఎండిందని షుకూర్ భాయ్, భూమిలో నీళ్ళు తానేమైనా మూటగట్టుకుపోయానా అని పటేల్. చిన్నప్పుడు ఒకే సైకిల్ మీద బడికి వెళ్ళినవాళ్ళకు మాటలు బందయ్యాయి.

2012 ఎండాకాలంలో ఓ రోజు ఎక్కడా కరెంటు లేదు. ఇన్వర్టర్ ఉన్నది షుకూర్ భాయ్ షాపులోనే. ప్లాట్ల కాగితాలు ప్రింటు తీయించుకోవాలంటే పటేల్‌కు వేరే దారి లేకపోయింది. మొహం గంటు పెట్టుకుని నిలబడ్డాడు గాని, కళ్ళు తెర మీద పడ్డాయి. వరసగా పాతిన రాళ్ళు, మధ్యలో వెడల్పాటి రోడ్లు, దూరంగా ఓ కోట.

“గిదెవరి వెంచర్?” అన్నాడు, ఎవరినీ అడగనట్టు.

“వెంచర్ గాదు. నీళ్లు లేక సచ్చిన ఊరు,” అన్నాడు షుకూర్ భాయ్.

“నీళ్లు లేకనా? గంత పెద్ద కోట పెట్టుకొనా? లొల్లి పెట్టుకొని పోయినట్టున్నరు.”

ఆనాటి నుంచి పటేల్ రోజూ సాయంత్రం వచ్చి కుర్చీ లాక్కునేవాడు.

“పక్కోడు లోతుగ తవ్వి గుంజుకుంటే ఊరు ఎండదా?” అనేవాడు షుకూర్ భాయ్.

“నీళ్లు లేక సావలే షుకూర్. మాట్లాడుకోక సచ్చిండ్రు,” అనేవాడు పటేల్.

మేం వెనక నవ్వాపుకోలేక చచ్చేవాళ్ళం. సొంత బోరు ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తేవారు కాదు.

ఏడాది దాటాక ఒక సాయంత్రం షుకూర్ భాయ్ కూతురు ఇఫ్రా పరుగున వచ్చింది.

“అబ్బాజాన్, ఆట రెండో భాగం దొరికింది. జర్హాన్ ఎట్ల పోయిందో అండ్ల మొత్తం ఉన్నది. చెప్పాల్నా?”

షుకూర్ భాయ్ మొహం పాలిపోయింది.

“వద్దు బేటా. గది తెలిసిపోతే పటేల్ ఇగ ఎందుకొస్తడు?”

పటేల్ అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. మాకు ఎటు చూడాలో తెలియలేదు. ఆయన తీరిగ్గా చెప్పులు విడిచాడు.

“నాకు పోయిన నెలనే తెల్సు. మా బిడ్డ అశ్రిత చెప్పింది. నువ్వనేదీ తప్పే, నేననేదీ తప్పే.”

పటేల్ ఎప్పటి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“అయినా నీళ్లు నీళ్లంటవు గదా, మరి గా కోట కింద నీళ్లు పోయే గంత పెద్ద మోరీ ఎందుకుండె?”

షుకూర్ భాయ్ భుజం మీది తువ్వాలతో కళ్ళు తుడుచుకుని గొంతు సవరించుకున్నాడు.

“మోరీ ఉంటే నీళ్లున్నట్టేనా, పటేలా?”